మావారి పేరు

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్న నా సెల్‌ఫోను వంకాయల సంచీలో దొరికింది.

"ఆ మాత్రానికేనా? మా ఫోను మొన్న అటకమీద దొరికింది" అంటారు మీరు. నిజమే. మా ఎదురింటావిడ కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతికిందని వాళ్ళ మనవలు ఇప్పటికీ ఆవిణ్ణి ఏడిపిస్తూంటారు. కానీ మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు. మావారు పేపరు కిందికి దించి నావంక ఓసారి చూసి, మళ్ళీ పైకెత్తుకున్నారు. మా అబ్బాయి "పోనీలే అమ్మా, దొరికిందిగా" అన్నాడు, ఎన్నడూ లేనంత మెత్తగా. మా కోడలు నా చేతిలోంచి సంచీ అందుకుని "మీరు కూర్చోండి అత్తయ్యా, నేను సర్దుతాను" అంది. ఆ మెత్తదనం చూసి నా గుండె గుభేలుమంది. "ఎక్కడ పడితే అక్కడ పారేస్తావు, నీకు వొళ్ళూ పై తెలీదు" అని ఎవరైనా నాలుగు చివాట్లు పెట్టివుంటే ప్రాణం హాయిగా వుండేది.

ఎందుకంటారా? మా అమ్మ కథ కూడా అచ్చం ఇలాగే మొదలైంది. ఆవిడ పోగొట్టుకున్నది తాళాలగుత్తి. దొరికింది బియ్యం డబ్బాలో.

మా అమ్మ జ్ఞాపకశక్తి గురించి మా చుట్టాల్లో కథలు కథలుగా చెప్పుకునేవారు. క్యాలెండరు చూడకుండా ఎవరి తద్దినం ఏ తిథినాడో చెప్పేది. పాల లెక్కా, చాకలిపద్దూ కాగితంమీద పెట్టి ఎరగదు. ముప్ఫై ఏళ్ళ కిందటి పెళ్ళిలో ఎవరు ఏ రంగు చీర కట్టుకొచ్చారో, ఎవరెంత చదివించారో అడిగితే గడగడా అప్పజెప్పేది. తను చదివింది మాత్రం ఎనిమిదో క్లాసే. ఆపైన చదివిస్తే తగిన మొగుణ్ణి తేలేమని మా తాతగారు మానిపించారట. అటువంటి మనిషి 2013లో, తన 74వ ఏట, పప్పులో రెండుసార్లు ఉప్పు వేసింది. వచ్చిన చుట్టాన్ని "కాఫీ తాగావా?" అని అరగంటలో ఆరుసార్లు అడిగింది. వయసు మీద పడింది కదా అని మేమంతా సరిపెట్టుకున్నాం. ఒకరోజు గుడికి వెళ్ళి, నలభై ఏళ్ళుగా నడిచిన వీధిలోనే ఇల్లు తెలీక నిలబడిపోయింది. అప్పుడు తీసుకెళ్ళాం డాక్టరు దగ్గరికి.

ఆ డాక్టరు కుర్రవాడు, నెమ్మదైనవాడు. ఇవాళ ఏ వారం, ఇది ఏ నెల అని అడిగాడు. వందలోంచి ఏడు తీసెయ్యమన్నాడు. "తొంభై మూడు" అంది. అందులోంచి ఇంకో ఏడు తీసెయ్యమంటే అమ్మ నా మొహంలోకి చూసింది. ఆ చూపు నేను మరిచిపోలేను. తరవాత "మీవారి పేరేమిటి పెద్దమ్మగారూ?" అన్నాడు. అమ్మ తల వంచుకుని, పైట భుజంనిండా కప్పుకుని, చిన్నగా నవ్వింది. అంతే. డాక్టరు కాసేపు చూసి కాగితంమీద ఏదో గీత గీశాడు.

నేను ఒక్క ఉదుటున లేచాను. "అయ్యో డాక్టరుగారూ! అది మరిచిపోవడం కాదండీ. మా అమ్మ నాన్నగారి పేరు ఎప్పుడూ చెప్పదు. ఆయన పేరు వెంకటేశ్వర్లు. అందుకని తిరుపతి దేవుణ్ణి కూడా ఏడుకొండలవాడా అంటుంది తప్ప పేరు పలకదు" అన్నాను. ఆయన పకపకా నవ్వి, "అయితే ఈ మార్కు ఇచ్చేద్దాం" అని గీత దిద్దేశాడు.

ఆ మార్కు ఇచ్చినందుకు నేనెంత సంతోషించానో! కానీ ఆవిడకి పేరు నిజంగా గుర్తుండి సిగ్గుపడిందా, లేక గుర్తు రాక సిగ్గు వెనకాల దాక్కుందా అన్నది ఈనాటికీ నాకు తేలలేదు.

తరవాత రెండేళ్ళకి ఒక సాయంత్రం నాన్నగారు అరుగుమీద కూర్చుని కాఫీ తాగుతున్నారు. లోపల్నించి అమ్మ గొంతు వీధి చివరిదాకా వినబడేట్టు "వెంకటేశ్వర్లూ! ఓ వెంకటేశ్వర్లూ!" అని కేక వేసింది. పెళ్ళయిన అన్నేళ్ళలో మొదటిసారి. నాన్నగారు గ్లాసు కింద పెట్టి "వస్తున్నా" అని లేచారు. గుమ్మం దగ్గర నన్ను చూసి, "మీ అమ్మ వెళ్ళిపోయిందే" అన్నారు మెల్లిగా. మనిషి ఆ తరవాత ఏడేళ్ళు వుంది. 2022లో పోయింది. నాన్నగారి లెక్కలో మాత్రం ఆవిడ ఆ సాయంత్రమే వెళ్ళిపోయింది.

ఈ జబ్బుకి పేరిచ్చిన డాక్టరు ఆలోయిస్ అల్జీమర్ కూడా 1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు ఆస్పత్రిలో 51 ఏళ్ళ ఆగుస్తె డీటర్ అనే ఇల్లాలిని ఇలాగే కూర్చోబెట్టి ప్రశ్నలడిగాడట. మీ ఆయన పేరేమిటంటే ఆవిడ తన పేరే చెప్పిందట. ఈ సంగతి చదివినప్పుడు పుస్తకం మూసేశాను. నూరేళ్ళు దాటినా, దేశాలు మారినా, డాక్టర్లు ఆడవాళ్ళని అడిగే ప్రశ్న మాత్రం మారలేదు చూడండి.

సరే, వంకాయల దగ్గరికి వస్తాను. నా ఫోను సంగతి మా అబ్బాయి ఆ రాత్రే అమెరికాలోని అక్కకి చేరవేశాడు. మర్నాడు అమ్మాయి ఫోను చేసింది. బాగున్నావా అంటే బాగున్నావా అనుకున్నాక, "అమ్మా, నీకో మాట చెప్పాలి, కోప్పడకు" అంది. ఈ మాటతో మొదలైన కబురు మంచిదవడం నేనైతే చూడలేదు.

సంగతేమిటంటే, ఆరు నెలల కిందట అది ఒక గొట్టంలో ఉమ్మేసి పోస్టులో పంపిందట. మన శరీరంలోని జన్యువులు చూసి, ఏయే జబ్బులు వచ్చే అవకాశం ఎంత వుందో చెప్పే కంపెనీలున్నాయి కదా, అందులో ఒకదానికి. దానికి ఎపోఈ అనే జన్యువులో నాలుగో రకం ఒకటి వుందని తేలిందట. అది వున్నవాళ్ళకి పెద్ద వయసులో అల్జీమర్స్ వచ్చే అవకాశం మిగతావాళ్ళకన్నా ఎక్కువట.

"ఆరు నెలలు ఎందుకు దాచావే?" అన్నాను.

"నీకు చెప్తే నీ గురించి చెప్పినట్టవుతుందని" అంది.

ఆ మాట నాకు వెంటనే అర్థం కాలేదు. బొమ్మలు గీసి పంపమన్నాను. పంపింది. నాకర్థమైనంతవరకూ మీకు చెప్తాను.

ఎపోఈ అనేది మనందరికీ వుండే జన్యువు. పందొమ్మిదో క్రోమోజోములో వుంటుంది. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, మొత్తం రెండు. అది చెప్పిన ప్రకారం తయారయ్యే ప్రోటీను పని, కొవ్వుని మోసుకెళ్ళి కావలసినచోట దింపిరావడం. మెదడులో కూడా ఆ పనే చేస్తుంది. మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే చెత్తని తీసెయ్యడంలోనూ ఓ చెయ్యి వేస్తుంది. ఈ ప్రోటీను 299 పూసల దండ అనుకోండి. ఎక్కువమందికి వుండేది మూడో రకం దండ. నాలుగో రకానికీ దానికీ తేడా అల్లా 112వ పూస ఒక్కటే. ఒక్క పూస! మనం నల్లపూసల్లో ఒక పూస రంగు మారితే గమనించనైనా గమనించం. ఇక్కడ మాత్రం ఆ ఒక్క పూసతో పనితనం తగ్గుతుంది, చెత్త పేరుకుంటుంది. దీన్ని 1993లో అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీవాళ్ళు పట్టుకున్నారు. నాలుగో రకం ఒకటి వుంటే జబ్బు అవకాశం రెండు మూడు రెట్లు, రెండూ అవే అయితే ఎనిమిది నుంచి పన్నెండు రెట్లు అంటారు. రెండో రకం వున్నవాళ్ళు అదృష్టవంతులు, వాళ్ళకి అవకాశం మామూలుకన్నా తక్కువ.

"అయితే నీకు వస్తుందన్నమాట" అన్నాను, గొంతు పెగుల్చుకుని.

"అదే అమ్మా, కాదు. ఇది అవకాశం, తీర్పు కాదు. నాలుగో రకం వుండి తొంభై ఏళ్ళదాకా శుభ్రంగా వున్నవాళ్ళున్నారు. అసలది లేకుండా జబ్బు వచ్చినవాళ్ళూ బోలెడుమంది వున్నారు. అమ్మమ్మకి వుందో లేదో మనకేం తెలుసు?" అంది.

అమ్మాయి ఒక్కర్తికీ తెలిసిన సంగతి ఇప్పుడు ఇంటిల్లిపాదికీ తెలిసింది. వెంటనే మా ఇంట్లో అనాదిగా జరుగుతున్న వ్యవహారం మళ్ళీ మొదలైంది. అది మీవైపా, మావైపా అని. పిల్లలకి ఫస్టుక్లాసు వస్తే వాళ్ళ నాన్న పోలిక, మొండితనం చేస్తే తల్లి పోలిక. ఇది ఏ కాపరంలో లేదు చెప్పండి. మావారు పైకి ఏమీ అనలేదు గానీ "మా అమ్మకి చివరిదాకా బుర్ర చురుగ్గానే వుండేది" అన్నారు, ఎటో చూస్తూ. మా అత్తగారు 56వ ఏట గుండెజబ్బుతో పోయారు. ఆ వయసుకి మా అమ్మ బుర్ర మాత్రం చురుగ్గా లేదూ? పైగా ఈ నాలుగో రకానికి కొలెస్ట్రాల్‌తోనూ, గుండెజబ్బుతోనూ కూడా కొంత చుట్టరికం వుందని చదివాను. ఆ సంగతి చెబుదామని నోటిదాకా వచ్చింది. పోయిన ఆవిణ్ణి ముగ్గులోకి లాగడమెందుకని మింగేశాను.

కానీ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పుడు తెలిసింది అమ్మాయి మాటకి అర్థం. నేనూ ఒక గొట్టంలో ఉమ్మేస్తే తేలిపోతుంది. నాకు నాలుగో రకం లేకపోతే అది వాళ్ళ నాన్న దగ్గర్నుంచి వచ్చినట్టే. ఆయన పరీక్ష చేయించుకోకుండానే ఆయన సంగతి బయటపడినట్టే. నాకు రెండూ అవే అయితే అమ్మ నుంచీ ఒకటి, నాన్నగారి నుంచీ ఒకటి వచ్చినట్టు. అప్పుడు మా అబ్బాయికి కూడా ఒకటి వుండి తీరుతుంది. వాడు అడగలేదు పాపం! మా తమ్ముడికీ వుండే అవకాశం పెరుగుతుంది. నా నోట్లో ఉమ్మి నా సొంతం అనుకున్నాను ఇన్నాళ్ళూ. కాదు. అందులో అటు పోయినవాళ్ళూ ఇటు పుట్టబోయేవాళ్ళూ అందరూ వున్నారు.

తమ్ముడి మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. వాడు మూడోరోజు రాజమండ్రి నుంచి ఫోను చేశాడు. "అక్కా, నువ్వు ఏ పరీక్షలూ చేయించుకోకు. చేయించుకున్నా ఎవరికీ చెప్పకు. మా చంటిదానికి సంబంధం చూస్తున్నాం. అమ్మ పోయినప్పుడే ఒకరు అడిగారు, మీ వంశంలో మతిమరుపు జబ్బు వుందటగా అని. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అంటారు వెధవలు" అన్నాడు. వాడి గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువ వినిపించింది. నాకేమీ కోపం రాలేదు. పదిమందిలో నలుగురు జాతకాలతో ఆగుతున్నారు, రేపు ఈ కాగితం కూడా పళ్ళెంలో పెట్టి తెమ్మంటారేమో అని నాకూ భయం వేసింది. జాతకంలో దోషం వుంటే కనీసం శాంతి చేయించుకోమని ఒక దారి చూపిస్తారు.

అమ్మాయేమో ఇంకో రకం. "తెలుసుకుంటే ఏం కాదమ్మా. తల్లికో తండ్రికో ఈ జబ్బు వచ్చిన 162 మందికి పరీక్ష చేసి చూశారు. ఫలితం తెలిసినవాళ్ళెవరూ బెంగపెట్టుకుని కూలిపోలేదని 2009లో రాశారు" అంటుంది. నిజమే కావచ్చు. కానీ 1953లో డీఎన్ఏ రూపాన్ని కనిపెట్టిన ఇద్దరిలో ఒకరైన జేమ్స్ వాట్సన్ ఏం చేశారో తెలుసా? 2007లో ఆయన జన్యువులన్నీ మొదట్నుంచి చివరిదాకా చదివి ఆయన చేతికిచ్చారు. లోకమంతా చూసుకోవచ్చన్నారాయన. ఒక్క ఎపోఈ దగ్గర మాత్రం మూసిపెట్టమన్నారు. వాళ్ళ నానమ్మో అమ్మమ్మో ఈ జబ్బుతోనే పోయిందట. అప్పటికి ఆయనకి 79 ఏళ్ళు. 2025లో, 97వ ఏట పోయారు. ఆ వాక్యం చదివి, అర్ధరాత్రి చీకట్లో నాకు చెప్పలేనంత ధైర్యం వచ్చింది. అంతటివాడే చూడనన్నాడు, నేనెంత!

అలా రాత్రిళ్ళు చదవగా చదవగా కొలంబియా దేశం సంగతి కూడా తెలిసింది. అక్కడ ఆంటియోక్వియా అనే కొండసీమలో కొన్ని కుటుంబాలున్నాయి. వాళ్ళలో కొందరికి తరతరాలుగా నలభైల్లోనే ఈ జబ్బు వస్తుంది. ఫ్రాన్సిస్కో లోపెరా అనే డాక్టరు 1980ల నుంచి వాళ్ళ ఇళ్ళు పట్టుకు తిరిగి, వంశవృక్షాలు గీసి, కారణం పద్నాలుగో క్రోమోజోములోని ప్రెసెనిలిన్ అనే వేరే జన్యువని తేల్చడానికి దారి చూపాడు. అక్కడ మాత్రం అది అవకాశం కాదు, దాదాపు తీర్పే. తల్లికి వుంటే బిడ్డకి వచ్చే అవకాశం సగానికి సగం, వచ్చిందా ఇక తప్పదు. ఇటువంటివి లోకంలో వున్న అల్జీమర్స్ అంతటిలో నూటికి ఒకటి కూడా వుండవు. మా అమ్మకి వచ్చినట్టు పెద్ద వయసులో వచ్చేది ఆ కోవకి చెందదు.

అయితే ఆ కుటుంబాల్లోనే ఒకావిడ వుంది. ఆ జన్యువు వుంది. నలభైల్లో రావలసిన జబ్బు డెబ్భై ఏళ్ళు దాటేదాకా రాలేదు. ఎందుకా అని వెతికితే, ఆవిడకి ఎపోఈ జన్యువులో ఇంకో చోట అరుదైన మార్పు వుందట, అటునుంచొకటీ ఇటునుంచొకటీ. అదే కాపాడివుంటుందని 2019లో రాశారు. చూశారా! నన్ను నిద్రపోనివ్వని ఆ జన్యువే ఇంకో పూస మార్చుకుని ఇంకో ఇల్లాలికి ముప్ఫై ఏళ్ళ బతుకు దానం చేసింది. వంశంలోంచి దిగివచ్చేది శాపాలే అని ఎవరన్నారు?

ఇంక లాభం లేదని, మా అమ్మని చూసిన ఆ డాక్టరు దగ్గరికే వెళ్ళాను. మావారు కూడా వచ్చారు. ఆయన జుట్టు కూడా, అదే డాక్టరుగారి జుట్టు, ఈ పన్నెండేళ్ళలో నెరిసింది. నన్ను గుర్తుపట్టి "ఏడుకొండలవారి అమ్మాయి కదూ?" అన్నారు. కళ్ళు చెమర్చాయి.

ఫోను సంగతి అంతా చెప్పాను. "వంకాయల సంచీలోకి ఎలా వెళ్ళిందో మీకు తరవాత గుర్తొచ్చిందా?" అని అడిగారు. వచ్చింది. కూరలబండివాడు చిల్లర చెప్తూంటే సరిగ్గా వినబడక, రెండు చేతులూ ఖాళీ చేసుకోడానికి ఫోను సంచీలో పడేశాను. "అలా వెనక్కి నడిచి గుర్తు తెచ్చుకోగలిగితే అంత కంగారు లేదు. ఆ వస్తువు అక్కడ పెట్టిన సంగతే మనసులో లేకుండా పోతే, తెలిసిన వీధి తెలీకుండా పోతే, అప్పుడు రావాలి" అన్నారు. తరవాత, "కూరలబండివాడి మాట వినబడలేదన్నారే, దాని సంగతేమిటి?" అన్నారు.

నేను తేలుకుట్టిన దొంగలా వుండిపోయాను. నాలుగేళ్ళుగా నా ఎడమచెవి మందగించింది. చెవిలో మిషను పెట్టుకుంటే ముసలిదాన్నయిపోయినట్టే అని ఎవరికీ చెప్పలేదు. ఎదటివాళ్ళు అన్నదానికి నవ్వి ఊరుకుంటూ నెట్టుకొస్తున్నాను. అప్పుడాయన చెప్పారు. 2024లో లాన్సెట్ పత్రిక కూర్చిన నిపుణుల సంఘం, మనం సరిచెయ్యగలిగిన కారణాలు 14 వున్నాయని, వాటన్నిటినీ చక్కదిద్దగలిగితే ఈ రకం జబ్బుల్లో నూటికి 45 దాకా రాకుండానో, వాయిదా పడేట్టో చెయ్యవచ్చని లెక్కగట్టిందట. అందులో చెవుడు ఒకటి. రక్తపోటు, షుగరు, కొలెస్ట్రాలు, కదలకుండా కూర్చోవడం, చూపు మందగించినా పట్టించుకోకపోవడం, నలుగురితో మాటామంతీ లేకపోవడం, దిగులు జబ్బు, ఇవన్నీ వున్నాయి. చిన్నప్పుడు చదువు లేకపోవడం కూడా వుంది.

ఆ చివరిమాట దగ్గర నేను ఆగిపోయాను. ఎనిమిదో క్లాసులో ఆగిపోయిన మా అమ్మ పలక జ్ఞాపకం వచ్చింది. మన దేశంలో అరవై దాటినవాళ్ళలో 88 లక్షలమందికి మతి తప్పే జబ్బులున్నాయని 2023లో వచ్చిన ఒక అంచనా. అందులో మగవాళ్ళకన్నా ఆడవాళ్ళే ఎక్కువ. మా అమ్మ జన్యువులో ఏముందో నాకు తెలీదు. ఆవిడ చేతిలోంచి పుస్తకం లాగేసింది మాత్రం ఏ జన్యువూ కాదు.

"మరి నేను ఆ పరీక్ష చేయించుకోనా?" అని అడిగాను.

"జబ్బు లేనివాళ్ళకి మామూలుగా మేం చెయ్యమని చెప్పం. ఆ కాగితంలో వున్నా లేకపోయినా రేపట్నించి మీరు చెయ్యవలసిన పనులు అవే. నడక, చెవి మిషను, బీపీ మాత్ర. జబ్బు తొలిదశలో వాడే లెకానెమాబ్ వంటి మందులున్నాయి, లెకానెమాబ్‌కి అమెరికాలో 2023లో పూర్తి అనుమతి వచ్చింది. జబ్బు పోదు, కాస్త నెమ్మదిస్తుంది. నాలుగో రకం రెండూ వున్నవాళ్ళకి వాటితో మెదడు వాచడం, రక్తం చిమ్మడం వంటి ప్రమాదం ఎక్కువ. అటువంటి మందు ఇవ్వవలసివస్తే అప్పుడు పరీక్ష కావాలి. తెలుసుకోవాలనివుంటే మీ ఇష్టం. కానీ ముందు ఇంట్లోవాళ్ళని అడగండి" అన్నారు.

నేను లేవబోతుంటే "మీకెన్ని భాషలొచ్చు?" అన్నారు. ఆఫీసులో పాతికేళ్ళూ హైదరాబాదు బజారులో ముప్ఫైయేళ్ళూ నెట్టుకొచ్చిన హిందీ వుందన్నాను. ఆయన నవ్వారు. మన నిమ్స్ ఆస్పత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులని పరిశీలించి 2013లో ఒక సంగతి చెప్పిందట. ఒక్క భాషే వచ్చినవాళ్ళకన్నా రెండు భాషలు మాట్లాడేవాళ్ళకి జబ్బు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందట. చదువురానివాళ్ళలో కూడా! రాకుండా ఆపదు సుమా, ఆలస్యం చేస్తుందంతే. నాలుగున్నరేళ్ళంటే ఒక మనవరాలి చదువు. తక్కువేం కాదు. నా హిందీలో లింగాలు తప్పుతాయని ఇన్నాళ్ళూ ఎగతాళి చేసిన మావారికేసి ఒక చూపు చూశాను.

అంతా అయిపోయిందనుకుంటే, డాక్టరుగారు కాగితం తీసి "ఎలాగూ వచ్చారు, నాలుగు ప్రశ్నలు" అన్నారు. వారం చెప్పాను, నెల చెప్పాను, వందలోంచి ఏడేసి తీసేసి అరవై అయిదుదాకా దిగాను. ఆయన కలం పట్టుకుని "మీవారి పేరేమిటి?" అన్నారు.

నమ్ముతారో నమ్మరో, నోరు పెగల్లేదు. నలభై ఏళ్ళుగా "ఏమండీ" తప్ప మరో పిలుపు ఎరగను. ఆఫీసు కాగితాలమీద వెయ్యిసార్లు రాశానే గానీ ఆయన పక్కన కూర్చునివుండగా పలికింది లేదు. తల వంచుకున్నాను. చెయ్యి దానంతటది పైటకొంగు మీదికి వెళ్ళింది. చిన్నగా నవ్వానని కూడా మావారు తరవాత చెప్పారు. అప్పుడు అమ్మ కనబడింది. కాగితంమీద కలం ఆగివుంది. పక్కన మావారి ఊపిరి ఆగివుంది. నేను తలెత్తి, ఇంటిపేరుతో సహా, గట్టిగా, ఆయన పేరు చెప్పేశాను. వరండాలో కూర్చున్న రోగులు కూడా తిరిగి చూశారు.

ఇంటికొచ్చి అందర్నీ అడిగాను. అబ్బాయి తనకి తెలుసుకోవాలని లేదన్నాడు. తమ్ముడి సంగతి మీకు తెలిసిందే. మావారు "మీవైపైతేనేం మావైపైతేనేం, పిల్ల మనదేగా" అన్నారు, ఇన్నేళ్ళకి! అమ్మాయి మాత్రం "నువ్వు చేయించుకోకు. నాకు తెలిసింది నాకు చాలు. నేను రోజూ నడుస్తున్నాను, నువ్వూ నడు" అంది. గొట్టం తెప్పించలేదు. భయంవల్ల కాదని గొప్పలు చెప్పను, కొంత భయమూ వుంది. కానీ నలుగురి సంగతి తేల్చే కాగితానికి నేనొక్కర్తినీ సంతకం పెట్టకూడదనిపించింది. ఎప్పుడైనా మందుకోసం కావలసివస్తే అప్పుడు చూద్దాం.

చెవి మిషను కొన్నాను. పెట్టుకున్న మొదటిరోజే మా ఇంట్లో పంపు కారుతోందనీ, మావారు పేపరు చదువుతూ తనలో తను గొణుక్కుంటారనీ తెలిసింది. బ్యాంకు కాగితాలెక్కడున్నాయో అబ్బాయికి చూపించాను. మా కోడలు మళ్ళీ నన్ను మామూలుగానే విసుక్కుంటోంది. బతికిపోయాను.

ఇంకొక్క ఏర్పాటు కూడా చేశాను. రోజూ పొద్దున్న కాఫీ ఇచ్చేటప్పుడు ఒకసారి ఆయన్ని పేరుపెట్టి పిలుస్తున్నాను. మొదటిరోజు కాఫీ ఒలకబోసుకున్నారు. ఇప్పుడు "ఊఁ" అంటున్నారు. పిల్లలకి కూడా చెప్పివుంచాను. రేపెప్పుడైనా డాక్టరు నన్ను మీవారి పేరేమిటని అడిగితే, నేను తల వంచుకుని నవ్వితే, అది సిగ్గని చెప్పి మార్కు వేయించకండి. అది సిగ్గు కాదు. వెంటనే వైద్యం మొదలుపెట్టండి.

ఆ పేరేమిటో ఇక్కడ మాత్రం రాయను లెండి. గుర్తులేక కాదు. పత్రికలో పడితే ఆయన ఊరుకోరు.